అపరిచితుల ముఖాలు

సూరత్ నగరంలో సహారా దర్వాజా నుండి ఉధనా దర్వాజా వైపు రింగ్ రోడ్డు వెంబడి నడచేవారికి ముఖ్యంగా కనబడేవి బట్టల మార్కెట్లు. పూర్వపు నగరద్వారాల పేర్లు మిగిలినవి. వాని మధ్య ఇప్పుడు చీరల మూటలు రాకపోకలు సాగిస్తున్నవి. ఆ చీరలలో పెక్కింటి మడతపై ఒక అట్ట ఉంటుంది. దానిమీద అదే చీర కట్టుకొన్న ఒక యువతి ఛాయాచిత్రం. చీరకు ఒక సంఖ్య ఉంటుంది గాని ఆమెకు పేరుండదు. వరంగల్లులోనో రాజమహేంద్రవరంలోనో చీర విప్పిన తరువాత ఆ అట్టను ఎవరూ దాచుకోరు.

పాత పోస్టుకార్డు చిత్రాలను సేకరించేవారి అభిరుచిని గురించి ఆలోచించినప్పుడెల్లా నాకు ఈ అట్ట జ్ఞాపకం వస్తుంది. రెండింటిలోను ఉన్నది అపరిచిత ముఖమే. ఒకదానిని పారవేస్తాము, మరొకదానిని పదిలపరుస్తాము. ఈ భేదానికి కారణమేమి? పాతదనమే కారణమని చెప్పితే సరిపోదు. పాతబడినంత మాత్రాన ప్రతి కాగితమూ మనస్సును ఆకర్షించదు గదా.

కార్డు చరిత్రను కొంచెం చూడవలసి ఉన్నది. పోస్టుకార్డు 1869లో ఆస్ట్రియా-హంగరీలో పుట్టి, 1879లో కాలణా వెలతో మన దేశానికి వచ్చింది. 1903లో కోడక్ సంస్థ విడుదల చేసిన ఒక మడత కెమెరా పోస్టుకార్డు పరిమాణంలోనే ఫిల్మును తీసేది. దానిని కాగితంపై ఆనించి ముద్రిస్తే చిత్రమే కార్డయ్యేది. వెనుక చిరునామాకు గీత, తపాలాబిళ్ళకు చతురస్రం అచ్చువేసిన ఈ కాగితాన్ని స్టూడియోలవారు విరివిగా వాడినారు. చిత్తరువు రాజుల సొత్తుగా ఉన్న కాలం దీనితో ముగిసింది. గుమాస్తా, సిపాయి, కొత్త దంపతులు తమ ముఖాన్ని తామే కోరి, వెల యిచ్చి తీయించుకొన్నారు.

ఈ కోరుకొనడంలోనే మన ప్రశ్నకు సగం సమాధానం ఉన్నదని నా అభిప్రాయం. చీర అట్టలో ముఖం వస్త్రం కొరకు ఉన్నది. పాత కార్డులో వస్త్రం ముఖం కొరకు ఉన్నది. చేతులు పొడవైన అరువు కోటు, కనబడేటట్టు ముందుకు చాచిన గడియారపు మణికట్టు, కుర్చీని గట్టిగా పట్టుకొన్న వేళ్ళు: ఇవన్నీ ఆ మనిషి తన్ను గురించి చెప్పదలచుకొన్న మాటలు. ఆ మాటలు ఒక్కరిని ఉద్దేశించినవి, ఆ ఒక్కరు మనం కాము. ఇతరుల ఉత్తరం చేతికి వచ్చినప్పటి కుతూహలమూ, సంకోచమూ రెండూ ఇందులో కలసి ఉన్నవి.

ఆంగ్ల చిత్రకారుడు టామ్ ఫిలిప్స్ ఇటువంటి కార్డులను వేలసంఖ్యలో సేకరించినారు. 2004లో లండను నగరపు నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ వానిని ప్రదర్శించింది. ప్రసిద్ధుల ముఖాలకు నెలవైన భవనంలో అనామకులకు చోటు దొరకడం న్యాయమే. కాని ఫ్రెంచి విమర్శకుడు రొలా బార్త్ 1980లో ప్రకటించిన గ్రంథంలో దీనికి ఎదురుమాట ఉన్నది. తన తల్లి బాల్యచిత్రాన్ని గురించి అంత విపులంగా వ్రాసి కూడ, ఆయన దానిని అందులో అచ్చువేయలేదు. తనకు సర్వస్వమైనది ఇతరులకు మామూలు బొమ్మగానే తోస్తుందని ఆయన భావించినాడు. సేకర్త చేతిలో ఉన్నది సరిగా బార్త్ దాచిన వస్తువే. కుమారుడు లేడు, చిత్రం మాత్రం మిగిలింది.

మనదేశంలో ఈ సంకోచం మరింత బలమైనది. 1892లో హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ స్త్రీలకు ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పినారు. చిత్రం తీసే పని ఒక స్త్రీకే అప్పగించినారు. పరపురుషుని కంట పడకుండా తీయించుకొన్న చిత్రం ఏనాడైనా అంగడికి వస్తే, దానిని చూచి ఆనందించే హక్కు మనకు ఉన్నదా? ఉన్నదని నేను నిస్సంశయంగా చెప్పలేను. అలాగని చింపివేస్తే ఆమెకు జరిగే మేలూ లేదు.

కనుక సేకర్తకు కొన్ని మర్యాదలు ఉండాలి. చిత్రంలో ఉన్నదానిని చూడవచ్చును. లేని ప్రేమకథను అంటగట్టరాదు. కార్డు వెనుక వ్రాతను ముందువైపుతో సమానంగా కాపాడవలెను. ఎక్కడ దొరికినదో వ్రాసిపెట్టుకొనవలెను. అన్నింటికంటె ముఖ్యం, ఒకే ఆల్బములోని చిత్రాలను విడదీసి కొనరాదు. అన్నదమ్ములను వేరువేరు వెలలకు అమ్మిననాడే వారు నిజంగా అపరిచితులవుతారు. ఆకర్షణ వారి అనామకత్వంలో ఉన్నదని అనేవారు, ఆ పేరు ఎట్లా పోయిందో విచారించడం లేదు.

సూరత్ మరమగ్గాలపై పనిచేయడానికి తెలంగాణ నుండి వచ్చి స్థిరపడిన నేతకుటుంబాలు అనేకం ఉన్నవి. వలసపోయినవారి ఇంట ఛాయాచిత్రం అలంకారం కాదు. ఊరికీ మనిషికీ మధ్య మిగిలిన సాక్ష్యం. 2006 ఆగస్టులో తాపీనది వరద ఈ నగరంలో చాలభాగాన్ని ముంచింది. తడిసిన చిత్రాల జిలెటిను పొర మెత్తబడి ఒకదానికొకటి అంటుకొంటుంది. ఎండిన తరువాత విడదీయబోతే ముఖమే ఊడివస్తుంది. వరదకు పేరూ ముఖమూ రెండూ పోతవి. అంగడికి చేరిన కార్డులో ముఖమైనా మిగిలింది. ఇంటిలో ఉన్న చిత్రాల వెనుక ఈనాడే పెన్సిలుతో మెల్లగా పేరు, ఊరు, సంవత్సరం వ్రాసిపెట్టడం, అపరిచితులను ప్రేమించేవారు తమవారికి చేయవలసిన మొదటి పని.