నిర్దోషి అయితే చాలదా?

తప్పుడు కేసుల్లో జైలుపాలైనవాళ్లకు నష్టపరిహారం చట్టబద్ధ హక్కు కావాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో చెప్పింది. ప్రత్యేక కోర్టులు పెట్టమంది. అంతవరకు బాగానే ఉంది. మా పేచీ అల్లా అర్హత దగ్గరే.

ఆ నివేదిక లెక్కన నిర్దోషిగా బయటపడితే చాలదు. పోలీసులు దురుద్దేశంతోనో, సదుద్దేశం లేకుండానో కేసు నడిపారని తేలాలి. తేల్చాల్సిన భారం ఎవరిది? జైలుకు పోయొచ్చినవాడిదే! కేసు డైరీ ఉండేది పోలీసుల దగ్గర. సాక్ష్యం కూడగట్టిందీ వాళ్లే. బెయిలు కోసం ఉన్నది అమ్ముకున్న కూలిమనిషి పోలీసు మనసులోని ఉద్దేశాన్ని ఎట్లా రుజువు చేస్తాడు?

విజయవాడ దగ్గర 2007లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో ఒక దళిత యువకుణ్ణి పట్టుకున్నారు. 2010లో శిక్ష వేశారు. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అంది, లక్ష రూపాయలు ఇమ్మంది. ఎనిమిదేళ్ల పైచిలుకు జైలుకు లక్ష! దాదాపు 50 రోజులు జైల్లో ఉన్న ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు సుప్రీంకోర్టు 2018లో 50 లక్షలు ఇమ్మంది. అది ఎక్కువని మేము అనటం లేదు. ఆయనకు జరిగిందీ అన్యాయమే. చట్టం లేనిచోట కొలబద్ద జడ్జిగారి విచక్షణే అవుతుంది. దానికి హోదా పోగొట్టుకున్న మనిషి కనబడినంతగా కూలి పోగొట్టుకున్న మనిషి కనబడడు.

మక్కా మసీదు పేలుళ్ల తర్వాత పట్టుకెళ్లి, ఆనక విడుదలైన ముస్లిం యువకులకు ప్రభుత్వం పరిహారమిస్తే, దాన్ని కూడా 2013లో హైకోర్టు కొట్టేసింది.

విడుదలైన ప్రతివాడికీ డబ్బిస్తే పోలీసులు ఏ కేసూ పెట్టలేరని కొందరంటారు. మేము అడిగేది అది కాదు. భారం అటు మార్చమంటున్నాం. కేసు సదుద్దేశంతోనే నడిపామని రాజ్యం రుజువు చేసుకోవాలి, చేసుకోలేకపోతే పరిహారం కట్టాలి. దళితుల మీద దళితేతరులు తప్పుడు కేసు పెట్టడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం. నేరాన్ని రుజువు చేసే పని రాజ్యానిది, బాధితుడిది కాదు. పరిహారం దగ్గరకొచ్చేసరికి ఆ పని బాధితుడి నెత్తికెందుకు ఎత్తారు?

2024 జూలైలో కొత్త నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకొచ్చింది. లా కమిషన్ అడిగిన ఆ కాస్తా అందులో లేదు. రేపు బిల్లంటూ వస్తే మొదట చూడాల్సింది ఎన్ని లక్షలని కాదు, రుజువు భారం ఎవరి మీద పెట్టారని.