చివరి ఊరికీ ఒక పాస్టరు

ఊరి చర్చికి పాస్టరు ఎక్కడి నుంచి వస్తారు, వారి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది అన్న సంగతి ఆదివారం ఆరాధనలో ఎవరూ ఎత్తరు. చాలా ఏళ్లుగా ఒక పాస్టరేట్‌లో కానుకల లెక్కలు రాస్తున్నదాన్ని కాబట్టి, చర్చి అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ లెక్కే. మా సంఘాల్లో జరిగే మంచి పనుల్లో పాస్టర్లను అందరూ కలిసి పోషించడాన్ని నేను చాలా పైన పెడతాను.

ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఒక్కటై దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., అయ్యాయి. తెలుగు నేల మీద దానికి దోర్నకల్, మెదక్, కరీంనగర్, కృష్ణా-గోదావరి, నంద్యాల, రాయలసీమ డయోసిస్‌లు ఉన్నాయి. డయోసిస్‌కు ఒక బిషప్, దాని కింద పాస్టరేట్లు, పాస్టరేట్ కింద కొన్ని ఊళ్ల సంఘాలు. పల్లె పాస్టరేట్ అయితే ఒక్క పాస్టరుకే అరడజను ఊళ్లు దాటిపోతాయి. మిగతా ఆదివారాలు ఉపదేశో, సంఘ పెద్దో ఆరాధన నడిపిస్తే, సంస్కారం ఇచ్చే ఆదివారం అయ్యగారు మోటారు సైకిలు మీద ఊరూరూ తిరుగుతారు.

కానుక సంచిలో పడ్డ డబ్బు ముందు పాస్టరేట్ ఖాతాకు చేరుతుంది. అందులో ఏటా ఇంత అని నిర్ణయించిన వాటా డయోసిస్‌కు కట్టాలి. దాన్ని మేము అసెస్‌మెంట్ అంటాం. ఉద్యోగస్థులు దశమ భాగాలు వేసే పట్నం చర్చి ఎక్కువ కడుతుంది, పత్తి ఏరే కూలీల సంఘం తక్కువ కడుతుంది. ఆ డబ్బంతా ఒకచోట కలిశాక, ఏ పాస్టరు ఏ చర్చిలో ఉన్నా సర్వీసును బట్టి ఒకే స్కేలు మీద జీతం అందాలన్నది పద్ధతి. డయోసిస్‌ను బట్టి వివరాలు మారతాయి గానీ ఆలోచన ఇదే. చెరువు కింద నీరుగట్టి చేసే పని లాంటిది ఇది. తూము పక్కనున్న మడి తడవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. చివరి మడికి నీళ్లు చేరాలంటేనే ఆ మనిషి కావాలి.

పట్నం సంఘాల్లో కొందరు అడుగుతుంటారు, “మా కానుక మా చర్చికే ఖర్చు పెట్టుకోవచ్చు కదా” అని. వాళ్లకు సున్నాలు వేయించుకోవాలి, ఏసీలు పెట్టించుకోవాలి, నిజమే. అయితే ఆ పట్నం చర్చిలో ముందు వరసల్లో కూర్చునేవాళ్ల తాతలు ఎక్కడ బాప్తిస్మం తీసుకున్నారో అడిగి చూడండి. చాలామంది ఏదో ఒక పల్లె పేరే చెబుతారు.

పల్లె సంఘం బీదగా ఎందుకుందో కూడా చెప్పుకోవాలి. మన ఊళ్లలో క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు, భూమి లేనివాళ్లు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులకు ఎస్సీ హోదా లేదు. మన దగ్గర వాళ్లను బీసీ-సిలో చేర్చారు, అందులో రిజర్వేషను ఒక్క శాతం. గూడెంలో కష్టం అదే, కూలి అదే, ఆసరా మాత్రం తక్కువ. అలాంటి సంఘాన్ని “నీ పాస్టరును నువ్వే పోషించుకో” అని వదిలేస్తే అక్కడ పాస్టరు ఉండరు.

అట్లాగని బీదవాళ్లు ఇవ్వలేరని అనుకుంటే దోర్నకల్ చరిత్ర ఒప్పుకోదు. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన తమిళుడు వి.ఎస్. అజరయ్య 1909లో దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. 1945 జనవరి 1న కన్నుమూసే దాకా దోర్నకల్‌కు ఆయనే బిషప్. నిజాం రాజ్యంలో రోజు కూలి మీద బతికే జనంతో ఆయన ఇవ్వడం గురించి మాట్లాడారు, దాని మీద పుస్తకమే రాశారు. విదేశీ డబ్బు మీద నిలబడ్డ సంఘం తన కాళ్ల మీద నిలబడదని ఆయనకు తెలుసు. 1939 ఎపిఫనీ పండుగ నాడు ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథడ్రల్‌ను చూసినవాళ్లు దాని గుమ్మటాలనూ స్తంభాలనూ చెప్పుకుంటారు. నాకు ఆయన పని ఎక్కువగా కనిపించేది వంటింట్లో.

అన్నం వండేముందు ఇల్లాలు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తుంది. వారం గడిచాక ఆ బియ్యం చర్చికి తెస్తుంది. చేతిలో రూపాయి ఆడని ఇంట్లో కూడా ఆ పిడికెడు ఉంటుంది, అది ఆడవాళ్ల చేతిలోనే ఉంటుంది. ఇక కోత పండగ. గుమ్మడికాయలు, కంది మూటలు, కోళ్లు, మేకపిల్లలు బలిపీఠం ముందుకు వస్తాయి. ఆరాధన కాగానే చెట్టు కింద వేలం పాట. బజారులో ముప్పై రూపాయలు చేసే సొరకాయ మూడొందలు పలుకుతుంది, పాడుకున్నాయన దాన్ని మళ్లీ వేలానికే ఇచ్చేస్తాడు. పాత పుస్తకాల్లో “కోడిపుంజు 1, జొన్నలు 2 మానికలు” అన్న వరసలు చదువుతుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. అసెస్‌మెంట్ మొదలయ్యేది అక్కడే. పల్లె సంఘం చేయి చాచి తీసుకోవడమే కాదు, ముందు తానూ ఇచ్చి తీసుకుంటోంది.

డబ్బు తర్వాత ట్రాన్స్‌ఫర్లు. కొన్నేళ్లకోసారి పాస్టరు మారాలన్న నియమం మీద ఎప్పుడూ సణుగుడే. మంచి పాస్టరు వెళ్లిపోతుంటే ఊరంతా ఏడుస్తుంది. పిల్లల చదువులు దెబ్బతింటాయి, ఆ బాధ ఎక్కువగా పాస్టర్ల భార్యలైన అమ్మగార్లదే. అయినా నేను ఆ నియమం వైపే ఉంటాను. జీతం డయోసిస్ నుంచి వచ్చే పాస్టరు ఊరి పెద్దకు నచ్చని మాట కూడా పీఠం మీద నుంచి చెప్పగలరు. అలాగే సంఘం ఒక్క మనిషి సొత్తు అయిపోదు. రేకుల షెడ్డులో ఒంటరిగా సేవ మొదలుపెట్టిన పాస్టర్లెందరో నాకు తెలుసు, వాళ్ల కష్టం మీద నాకు గౌరవం ఉంది. జ్వరం వచ్చి పది రోజులు మంచాన పడితే వాళ్ల ఇంటి ఖర్చు ఎవరిస్తారు? ఆదివారం పీఠం ఎవరు ఎక్కుతారు? డయోసిస్ ఉన్నది అందుకే.

పిలుపు ఉన్న మనిషిని పరీక్షించి, హైదరాబాదులోని ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ వంటి చోటికి చదువుకు పంపి, డీకన్‌గా, తర్వాత ప్రెస్బిటర్‌గా అభిషేకించే బాధ్యత కూడా డయోసిస్‌దే. ఈ దారిన ఆడవాళ్లూ వచ్చారు. 2013లో నంద్యాల బిషప్ అయిన ఇ. పుష్పలలిత సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్. గూడెంలో ఆడపిల్లలకు ఆ వార్త చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు ఎలా వెలిగాయో నేను చూశాను.

ఇదంతా సవ్యంగా నడుస్తోందని నేను చెప్పను. నెలల తరబడి జీతం అందక కిరాణా కొట్టులో అప్పు పెట్టిన పాస్టర్లను ఎరుగుదును. కమిటీ ఎన్నికల కక్షలు, మిషన్ కాంపౌండు భూముల వ్యాజ్యాలు, లాయర్ల ఫీజులు. ఆ ఫీజులో పిడికెడు బియ్యం కూడా ఉంటుంది, అది తలచుకుంటే నాకు కోపం వస్తుంది. ఏ పాస్టరేట్ ఎంత కట్టింది, జీతాలు ఏ తేదీన వేశారు అన్న రెండు లెక్కలు ప్రతి చర్చి నోటీసు బోర్డు మీద నెలనెలా అంటిస్తే సగం అనుమానాలు పోతాయి. దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఒక కాగితం, నాలుగు గుండుసూదులు చాలు.

ఇంకొకటి. పాస్టరు బతుకంతా పార్సనేజీల్లోనే గడుస్తుంది. రిటైరైతే ఇల్లు ఖాళీ చేయాలి. సర్వీసులో ఉండగానే చనిపోతే, అమ్మగారు కన్నీళ్లు ఆరకముందే సామాను సర్దుకోవాలి, వెనకే కొత్త పాస్టరు వస్తారు కాబట్టి. ఎన్నో సంఘాలను కాపాడిన కుటుంబానికి తలదాచుకునే చోటు లేకపోవడం ఒక్క ఊరు తీర్చగల సమస్య కాదు, డయోసిస్ కలిసి తీర్చవలసినది. ఈసారి కోత పండగ వేలంలో వచ్చిన దాంట్లో కొంత విడిగా తీసి, పాస్టర్ల ఇళ్ల నిధిగా డయోసిస్‌కు పంపుదామని మా పాస్టరేట్ కమిటీలో అడగబోతున్నాను. తక్కిన పాస్టరేట్ల కోశాధికారులు కూడా తమ కమిటీల్లో ఈ మాట ఎత్తాలని కోరుతున్నాను.