ఇంటి నాణ్యత ఎవరి కొలత? గాజువాక నుంచి కొన్ని ప్రశ్నలు

పట్టణాల్లో ఇళ్ళ నాణ్యతను ఏ అంశాలు నిర్ణయిస్తాయి అనే పరిశోధనల్ని మేము కొన్నేళ్ళుగా చదువుతున్నాం. ఊళ్ళు మారతాయి గానీ పట్టికలు మారవు. గోడ దేంతో కట్టారు, కప్పు రేకులా స్లాబా, గదులెన్ని, కుళాయి ఇంట్లోనా వీధిలోనా. ఆ తర్వాత ఇంటిపెద్ద ఆదాయం, చదువు. కులం 'సామాజిక నేపథ్యం' అనే గడిలో ఒక శాతంగా కనిపించి, విశ్లేషణకొచ్చేసరికి మాయమైపోతుంది. 2011 జనగణన కూడా ఇంటి స్థితిని మూడు మాటల్లో తేల్చేసింది: మంచిది, నివాసయోగ్యం, శిథిలం. ఎవరికి నివాసయోగ్యం అని అడిగే గడి అందులో లేదు.

ఈ కొలత ఎక్కడ తప్పుతుందో గాజువాకలో తెలుస్తుంది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో ఉద్యమం నడిచింది, 1971లో శంకుస్థాపన జరిగింది, 64 గ్రామాలు లేచిపోయాయి. (ఆ ఆంధ్రుల్లో మా వాటా ఎంతో ఎవరూ చెప్పలేదు.) జనం పెదగంట్యాడ, అగనంపూడి, గాజువాక వైపు పునరావాస కాలనీలకు చేరారు. 1894 నాటి భూసేకరణ చట్టం భూమి మీద హక్కున్నవాడికే పరిహారం ఇచ్చింది. అదే భూమిలో తరతరాలుగా నాట్లేసి కోతలు కోసిన కూలీకి పోయిన పని ఆ చట్టానికి నష్టం కిందకే రాలేదు. ఆర్‌ కార్డులు చేతిలో పట్టుకుని ఉద్యోగం కోసం ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళు వేలల్లో ఉన్నారు. కాలనీలో ఒకడి గోడ ఇటుకదీ, పక్కోడిది మట్టిదీ ఎందుకయ్యాయంటే పరిశోధకుడు 'ఆదాయం' అని రాసుకుంటాడు. ఆ ఆదాయం ఎక్కడ మొదలైందో మాత్రం రాయడు.

గాలి వెలుతురు సంగతీ ఇంతే. కిటికీ ఉంటే పట్టికలో మార్కు పడుతుంది. రేవుల బొగ్గు దుమ్ముకి భయపడి ఆ కిటికీని ఏడాదంతా మూసుకున్నా మార్కు తగ్గదు.

అసలు మాట అద్దె ఇంటి దగ్గర తేలుతుంది. టు-లెట్‌ బోర్డు చూసి తలుపు కొడితే ఇంటావిడ అడ్వాన్సు కంటే ముందు అడిగేది, "మీరేవుట్లండీ?" జవాబు సరిపోకపోతే ఇల్లు ఉన్నట్టుండి వాళ్ళ చుట్టాలకి ఇచ్చేసి ఉంటుంది. జీతం ఉన్నా, డిగ్రీ ఉన్నా మంచి వీధి మూసుకుపోతుంది. మిగిలేది కాలవ గట్టున రెండు గదుల పోర్షను. సర్వేవాడు అక్కడికొచ్చి 'నాసిరకం' అని రాసుకుపోతాడు. ఇది మా ఒక్క ఊరి గోడు కాదు. 2001 జనగణన లెక్కలతో ఏడు మహానగరాల్ని పరిశీలించిన త్రినా వితయత్తిల్‌, గాయత్రి సింగ్‌లు, ఆర్థిక స్థాయి కంటే కులమే మనుషుల్ని వార్డులుగా ఎక్కువ విడదీస్తోందని 2012లో చూపించారు. ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ళలో దళితుల్నీ ముస్లింలనీ ఎలా తిప్పి పంపుతున్నారో సుఖదేవ్‌ థోరాట్‌ బృందం 2015లో బయటపెట్టింది. మరి తెలుగు విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలకి ఈ సంగతి 'అంశం'గా ఎందుకు కనపడదు? ప్రశ్నావళి రాసేవాడు ఇల్లు వెతుక్కోడానికి ఎన్నడూ పేరు దాచుకోలేదు గనక.

దీనికి ఎదురు సాక్ష్యం ఉక్కునగరం. అక్కడ క్వార్టరు హోదాని బట్టి, సీనియారిటీని బట్టి ఇచ్చారు. రిజర్వేషన్‌లో ఉద్యోగమొచ్చిన మావాళ్ళకి అది కులం చెప్పకుండా దొరికిన మొదటి ఇల్లు. పొరుగింట ఎవరుండాలో ఎవరూ ఎంచుకోలేరు. మా దృష్టిలో నాణ్యత అంటే స్లాబు కంటే ముందు అది. లోపల కాంట్రాక్టు కార్మికుడికి ఆ క్వార్టరు లేదు, వాడు మళ్ళీ గాజువాక గేట్లే కొట్టాలి. 2021 జనవరిలో కేంద్రం కర్మాగారాన్ని నూరు శాతం అమ్మడానికి నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది, అదే ఏడాది స్వచ్ఛంద విరమణలూ నడిచాయి. చర్చంతా టన్నుల మీదా అప్పుల మీదా నడిచింది. క్వార్టరు ఖాళీ చేసి, ముప్ఫై ఏళ్ళ సర్వీసు తర్వాత సామాను లారీకెత్తిన మనిషి కింద గాజువాకలో ఏ వీధిలో దిగాడో, ఎన్ని ఇళ్ళు అడిగాక దిగాడో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.