వచ్చే సంచిక ఉంటేనే పత్రిక

బడి పత్రిక అనగానే భిలాయిలో మనకు గుర్తొచ్చేది ఏడాది చివర వచ్చే నిగనిగలాడే పుస్తకం. ముందు ప్రిన్సిపాల్ సందేశం, తర్వాత ముఖ్య అతిథి ఫోటో, ఆ తర్వాత ఉక్కు కర్మాగారం మీద వ్యాసం. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారన్న వాక్యాన్ని అన్న రాస్తే తమ్ముడు ఎక్కిస్తాడు. తప్పేం లేదు, వాక్యం నిజమే. కానీ ఆ పుస్తకంలో ఎవరి గురించి ఏం రాసినా వాళ్లు జవాబు చెప్పుకునే చోటు లేదు. దానికి వచ్చే సంచికంటూ లేదు కదా!

నా లెక్కలో మంచి బడి పత్రికకు మొదటి గుర్తు అదే. పదిహేను రోజులకో నెలకో మళ్లీ రావాలి. పెద్ద కాగితం మడిచి జిరాక్స్ తీసిన నాలుగు పేజీలైనా సరే, మెట్ల పక్క గోడకు అంటించిన చార్టయినా సరే. మళ్లీ వస్తుందంటే రాసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తారు, చదివినవాళ్లకు ‘అది అలా కాదు’ అనే వీలుంటుంది.

ఇక వార్తలంటారా, భిలాయి పవర్ హౌస్ ప్రాంతంలో వాటికి కరువేముంది? ఖుర్సీపార్ నుంచీ క్యాంపు బస్తీల నుంచీ వచ్చే పిల్లలకు దారి పొడవునా అవే. నాకు తెలిసిన తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకసారి సైకిల్ స్టాండు మీద ఐటెం రాసింది. ‘విద్యార్థుల దగ్గర ఎక్కువ డబ్బులు వసూలు చేస్తున్నారు’ అని మొదలు. వాళ్ల మాస్టారు ఒక్క అక్షరం కొట్టేయలేదు. పక్కన ప్రశ్నలు వేసి ఇచ్చారు. ఎవరు? ఎంత? బోర్డు మీద ఎంతుంది? స్టాండు అతన్ని అడిగావా? చివరి ప్రశ్న చూసి పిల్ల బెదిరింది. పెద్ద పత్రికల్లో మేమూ అక్కడే కాళ్లీడుస్తాం లెండి. మర్నాడు స్నేహితురాలిని వెంటబెట్టుకుని వెళ్లింది. బోర్డు మీద రేటు కొన్ని గంటలకే, రోజంతా ఉంచితే వేరు, ఆ రెండో గీత చెరిగిపోయింది అన్నాడతను. దాంతో ఐటెం సగానికి తగ్గిపోయింది, దోపిడీ అన్న హెడ్డింగూ పోయింది. మిగిలిన సగాన్ని మాత్రం ఎవరూ ఖండించలేరు. ‘ఆరోపణలు వెల్లువెత్తుతున్నాయి’ అని రాసి చేతులు దులుపుకునే మా డెస్కులకు ఆ మాస్టారిని ఒక నెల అరువు తెచ్చుకోవాలి.

ఇంతకన్నా పెద్ద కథ అమెరికాలో 2017లో జరిగింది. కాన్సస్ రాష్ట్రం పిట్స్‌బర్గ్ హైస్కూలు పిల్లల పత్రిక పేరు ‘బూస్టర్ రిడక్స్’. కొత్తగా ఎంపికైన ప్రిన్సిపాల్‌ను పరిచయం చేద్దామని మొదలుపెట్టి, ఆమెకు పట్టాలిచ్చిందన్న విశ్వవిద్యాలయం గురించి ఆరా తీశారు. ఎంత వెతికినా దానికి సరైన గుర్తింపు కనబడలేదు. ఆవిడనే అడిగారు. జవాబులు పొసగలేదు. వార్త వచ్చిన కొద్ది రోజులకే ఆవిడ తప్పుకున్నారు. నాకు నచ్చింది మాత్రం ఇంకోటి. పత్రికకు పెద్దదిక్కయిన టీచరు ఎంపిక కమిటీలోనూ ఉండటంతో, ఆ వార్త వరకు తాను పక్కకు జరిగి బయటివాళ్ల సలహా ఇప్పించారు. కాన్సస్‌లో విద్యార్థి పత్రికలకు 1992 నుంచీ చట్టం అండ ఉంది. పక్కనే ఉన్న మిస్సోరీలో, పిల్లలు రాసిన రెండు పేజీలను ప్రిన్సిపాల్ ఎత్తేస్తే 1988లో సుప్రీంకోర్టు ఆయన వైపే మొగ్గింది. మన దగ్గర కోర్టుల దాకా పోయే పనే లేదు, పిల్లలే ముందుగా ఎత్తేసుకుంటారు.

ఎత్తేసుకునే వాటిలో మన పవర్ హౌస్ రైల్వే స్టేషన్ కథ ఒకటి. 1991 సెప్టెంబరు 28న కార్మిక నాయకుడు శంకర్ గుహ నియోగి హత్య జరిగింది. మరుసటి ఏడాది జూలై 1న ఇదే స్టేషన్‌లో, ఉద్యోగాల్లోంచి తీసేసినవాళ్లను తిరిగి తీసుకోవాలంటూ పట్టాల మీద కూర్చున్న, ఆయన నడిపిన ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 15 మందికి పైగా పోయారు. ఏటా ఆ రోజున ఇక్కడ సంస్మరణ జరుగుతుంది. పిల్లలు ఆ పక్కనుంచే రైలెక్కుతారు. దీని మీద బడి పత్రిక ఆవేశంగా వ్యాసం రాయనక్కర్లేదు. ఆ రోజు పట్టాల మీద ఉన్నవాళ్లను ఒకరిని, డ్యూటీకి పోతూ ఆగిపోయినవాళ్లను ఒకరిని, దుకాణం మూసుకున్నవాళ్లను ఒకరిని అడిగి, ఎవరు చెప్పింది వాళ్ల పేరుతో రాస్తే చాలు. ముగ్గురి మాటా కలవకపోతే కలవలేదనే రాయాలి. బడి యాజమాన్యానికి గుండె దడ తప్పదు. అయినా ఆ పేజీ ముందు ఏ బ్లాస్ట్ ఫర్నేస్ వ్యాసమూ నిలవదు.

మన తెలుగు పిల్లలకు ఇందులో ఒక వాటం కూడా ఉంది. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో వచ్చి స్థిరపడ్డ నాయనమ్మలు పాత సంగతులు హిందీలో అడిగితే ఒక ముక్కతో సరిపెడతారు. తెలుగులో అడిగితే మధ్యాహ్నమంతా చెబుతారు. రాయడం హిందీలో రాసుకోనివ్వండి, వినడం తెలుగులో కానివ్వాలి. తెలుగు చదవడం రాదని ఆ పిల్లల్ని పక్కన పెట్టే పెద్దల మీద నాకు విసుగు.

మరో చిక్కుంది. పదో తరగతివాళ్లు జనవరికల్లా పరీక్షల్లో మునిగిపోతారు, పత్రిక అక్కడితో ఆగిపోతుంది. అందుకే సంపాదకత్వం దసరా సెలవులకు ముందే కిందివాళ్లకు అప్పగించాలి. ఎవరి నంబరు ఎవరి దగ్గరుంది, ఏ జిరాక్స్ షాపువాడు అప్పిస్తాడు, పోయిన సంచికలో ఎవరి పేరు తప్పు పడింది, ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసి మరీ అప్పగించాలి. సైకిల్ స్టాండు అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లాడొకడికి ఆ నోటుబుక్కు చూపిస్తోంది. వాడికింకా క్రికెట్ స్కోర్లు తప్ప వేరే వార్తే కనబడటం లేదట.