గేర్‌బాక్సు దిగినప్పుడు క్లచ్ సంగతి

మోటారు మరమ్మతులో మేస్త్రీ నేర్పు ఎంతటిదో తేటతెల్లం చేసే ఘట్టాలలో గేర్‌బాక్సు మార్పిడి ఒకటి. పాతది కిందికి దిగి, దాని స్థానంలో వేయవలసినది ఇంకా పైకెక్కని ఆ కొద్ది గంటలలో, ఇంజను వెనుక దాగి ఉండే క్లచ్ మొత్తం కంటికి కనబడుతుంది. దానిని ఉన్నది ఉన్నట్టు తిరిగి బిగించాలా, తీసివేసి కొత్తది వేయాలా అనేది అప్పుడే తేలాలి. గేర్‌బాక్సు ఎక్కిన తరువాత క్లచ్ దగ్గరకు చేరాలంటే, ముందు చక్రాలు నడిచే బండ్లలో యాక్సిల్ షాఫ్టులు ఊడదీయడం, ఆయిలు దించడం, ఇంజనుకు ఊతం పెట్టడం వంటి పనంతా మొదటి నుంచి చేయవలసి వస్తుంది కాబట్టి, ఈ నిర్ణయంలో పొరపాటు జరిగితే యజమాని కూలి రెండుసార్లు ఇచ్చుకోవలసిందే. ఆ కూలి భయంతోనే చాలా షెడ్లలో క్లచ్‌ను చూడకుండానే మార్చివేస్తున్నారు, లేదా చూడకుండానే తిరిగి బిగిస్తున్నారు. పాత తరం మేస్త్రీలు ఈ రెండింటినీ సమానంగా అసహ్యించుకొనేవారు.

ఇంజను క్రాంక్ షాఫ్టు చివర ఉండే బరువైన చక్రం ఫ్లైవీలు. దానికి బోల్టులతో బిగించిన, గట్టి స్ప్రింగు గల మూత ప్రెషర్ ప్లేటు. ఈ రెంటి నడుమ నలుగుతూ, గేర్‌బాక్సు నుంచి పొడుచుకు వచ్చే ఇన్‌పుట్ షాఫ్టు గాళ్ళ మీద ముందుకూ వెనక్కూ జరిగే పల్చని బిళ్ళ క్లచ్ ప్లేటు. ఈ బిళ్ళకు ఇరువైపులా రాపిడిని తట్టుకొనే లైనింగు రివెట్లతో అంటి ఉంటుంది. పెడల్ తొక్కగానే రిలీజ్ బేరింగు ముందుకు జరిగి, ప్రెషర్ ప్లేటు నడిమి ఉక్కు నాలుకలను, అంటే షెడ్ల భాషలో ఫింగర్లను, లోపలికి నొక్కుతుంది. పట్టు సడలి ప్లేటు విడివడుతుంది. లైనింగు విద్యకు దారి చూపినవారిలో ఇంగ్లండుకు చెందిన హెర్బర్ట్ ఫ్రూడ్ ముఖ్యుడు. గుర్రపు బండ్ల బ్రేకు దిమ్మలతో మొదలుపెట్టి 1897లో ఆయన నెలకొల్పిన ఫెరోడో పేరు మన మేస్త్రీలకూ తెలిసినదే. తెలుగు నేలపై మోటారు మరమ్మతుకు పెట్టింది పేరు విజయవాడ ఆటోనగర్. 1960లలో వెలసిన ఈ మోటారు వాడ ఆసియాలోకెల్లా పెద్దదని అక్కడివారు చెప్పుకుంటారు. ఆ మాట ఎంతవరకు నిజమైనా, అక్కడ పని నేర్చినవారి పనితనం మాత్రం ఏ పెద్ద షోరూముకూ తీసిపోయేది కాదు.

మంచి మేస్త్రీ క్లచ్‌ను చూడకముందే వేసుకొనే ప్రశ్న ఒకటుంది: పాత గేర్‌బాక్సు ఎందువల్ల చెడింది? 1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లకు ఎర్ల్ థాంప్సన్ రూపొందించిన సింక్రోమెష్ పద్ధతి వచ్చిన తరువాత, గేరు మారేటప్పుడు రెండు చక్రాల వేగాన్ని సమం చేసే పని లోపలి ఇత్తడి రింగులది అయింది. పెడల్ పూర్తిగా తొక్కినా ప్లేటు ఫ్లైవీలును వదలకుండా కొంత ఈడ్చుకుపోతుంటే, ఆ ఇంజను వేగం మొత్తాన్ని ఈ చిన్న రింగులే ఆపవలసి వచ్చి, అవి అకాలంగా అరిగిపోతాయి. అంటే గేర్లు కరకరమంటున్నాయని గేర్‌బాక్సు మార్చిన అనేక సందర్భాలలో అసలు దోషి క్లచ్; దానిని అక్కడే ఉంచి కొత్త గేర్‌బాక్సు ఎక్కించడం, తేలు ఉన్న పక్కమీదే కొత్త దుప్పటి పరచడం వంటిది. కాబట్టి బండి విప్పకముందే నడిపి చూడటం ఈ విద్యలో తప్పనిసరి. బండి న్యూట్రల్‌లో ఉండగా మోగి, పెడల్ తొక్కితే ఆగిపోయే రొద గేర్‌బాక్సు ఇన్‌పుట్ బేరింగుది. తొక్కినప్పుడే పుట్టే రొద రిలీజ్ బేరింగుది. టాప్ గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి వేగం పెరగకుండా ఇంజను మాత్రమే అరిస్తే ప్లేటు జారుతున్నట్టు. బోనెట్ మీద అరచేయి ఆనించి, పక్కన ఉన్న కుర్రవాడి చేత పెడల్ తొక్కించి, రెండు బేరింగులలో ఏది పోయిందో చెప్పగల మేస్త్రీలు ఆటోనగర్ షెడ్లలో ఇప్పటికీ ఉన్నారు. స్టెతస్కోపు పట్టిన వైద్యుడికి ఇచ్చే గౌరవం వారికీ దక్కవలసినదే.

ప్లేటు చేతికి వచ్చిన తరువాత జరిగే పరీక్ష చూడముచ్చటైనది. లైనింగు పైతలానికీ రివెట్టు తలకూ మధ్య ఎంత లోతు మిగిలిందో వెర్నియర్ తోకతో కొలుస్తారు. అన్ని రివెట్లలో అతి తక్కువ లోతు ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. అది 0.3 మిల్లీమీటర్లకు దిగితే ప్లేటు పని ముగిసిందని అనేక తయారీదారుల మాన్యువళ్ళు చెబుతాయి. ఇంకా దిగితే రివెట్లు ఫ్లైవీలు ముఖాన్ని గాళ్ళు పడేలా గీరుతాయి. కొలత ఒక్కటే చాలదు. ప్లేటు మీద నూనె తడి ఉంటే అది ఎక్కడి నూనో తేల్చాలి: నల్లగా, పల్చగా ఉంటే క్రాంక్ షాఫ్టు వెనుక సీలు నుంచి వచ్చిన ఇంజను ఆయిలు, చిక్కగా, గంధకం ఘాటుతో ఉంటే ఇన్‌పుట్ షాఫ్టు సీలు నుంచి కారిన గేరు ఆయిలు. వేలికొసన రాసి వాసన చూసి ఈ తేడా చెప్పే నేర్పు ఏ మాన్యువల్లోనూ అచ్చు కాలేదు. నూనె తాగిన లైనింగును పెట్రోలుతో కడిగినా ప్రయోజనం లేదు, ఎందుకంటే వేడెక్కగానే లోపలి నూనె మళ్ళీ పైకి ఊరుతుంది. అటువంటి ప్లేటు కొత్తదే అయినా పారవేయవలసిందే, అంతకంటే ముందు సీలు మార్చవలసిందే. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం: పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది కాబట్టి, క్లచ్‌ను కప్పి ఉండే గంట ఆకారపు గూడు (బెల్ హౌసింగ్) లోపలి దుమ్మును గాలి పైపుతో ఊదే అలవాటు పనివారి ఊపిరితిత్తులకు చేటు, తడిగుడ్డతో తుడవడమే సరైన పద్ధతి.

ఫ్లైవీలు ముఖం మీద నీలిరంగు మచ్చలు వేడికి గుర్తులు, సన్నని నెర్రెలు ప్రమాదానికి గుర్తులు. కొద్దిపాటి గీతలైతే లేత్ పనివారు ముఖాన్ని సాపు చేస్తారు. అంచున మెట్టు ఉన్న ఫ్లైవీలులో ముఖం నుంచి ఎంత తీస్తే మెట్టు నుంచి కూడా అంతే తీయాలి, లేకపోతే ప్రెషర్ ప్లేటు బిగింపు తగ్గుతుంది. ఫింగర్ల కొసల మీద బేరింగు ఒరిసిన గాడి లోతుగా ఉన్నా, కొసలన్నీ ఒకే ఎత్తులో లేకపోయినా ప్రెషర్ ప్లేటు కూడా మారాలి.

అంబాసిడర్, జీపు వంటి వెనుక చక్రాలు నడిచే బండ్లలో ఇన్‌పుట్ షాఫ్టు ముందుకొస క్రాంక్ షాఫ్టు నడిమి చిన్న కంచు బుష్‌లో తిరుగుతుంది. వెనుక నుంచి పట్టు దొరకని ఆ బుష్‌ను బయటకు తీయడంలో మేస్త్రీల ప్రజ్ఞ అద్భుతం. రంధ్రం నిండా గ్రీజు కూరి, అందులో సరిగ్గా పట్టే షాఫ్టు ముక్కను దూర్చి సుత్తితో కొడతారు. నొక్కుడుకు పోవడానికి చోటు లేని గ్రీజు బుష్ వెనుకకు చేరి, దానిని మెల్లమెల్లగా బయటకు తోసుకువస్తుంది. ద్రవంలో ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందన్న పాస్కల్ సూత్రాన్ని పేరు తెలియకుండానే ఇంత సొగసుగా ప్రయోగించే చేతులకు ఎంత నమస్కరించినా తక్కువే.

వేరే మోడల్ గేర్‌బాక్సును తెచ్చి అమర్చేటప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. ప్లేటు నడిమి గాళ్ళు ఎక్కబోయే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టుకు సరిపోవాలి, కాని ప్రెషర్ ప్లేటు మాత్రం ఉన్న ఫ్లైవీలుకు సరిపోవాలి; అంటే ఒకే పెట్టెలో వచ్చిన సెట్టు రెండింటికీ కుదరకపోవచ్చు. అందుకే గేర్‌బాక్సును జాకీ మీద పైకెత్తకముందే ప్లేటును షాఫ్టు మీద తోసి, గాళ్ళ లెక్కా జారుడూ చూసుకోవడం విజ్ఞుల పద్ధతి. బిగించేటప్పుడు పాత ఇన్‌పుట్ షాఫ్టు ముక్కతో ప్లేటుకు సెంటర్ పట్టి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా తిప్పాలి. గేర్‌బాక్సు బరువును క్షణమైనా ప్లేటు మీద వేలాడనీయకూడదు, వేలాడితే కొత్త ప్లేటు కూడా అక్కడికక్కడే వంగుతుంది.

ఇంతకూ మార్చాలా, వద్దా? లైనింగు సగానికి మించి అరిగి ఉంటే మార్చడమే న్యాయం, ఎందుకంటే మిగిలిన సగం ముగిసేసరికి అదే కూలి మళ్ళీ పెట్టవలసి వస్తుంది. ఏడాది క్రితమే మంచి కంపెనీది వేసి, కొలత బాగుండి, ముఖం మచ్చ లేకుండా ఉంటే దానిని తీసి పారవేయడం దుబారా. రిలీజ్ బేరింగును మాత్రం ఏ సందర్భంలోనైనా మార్చవలసిందే. దాని ధర కూలిలో చిన్న భాగం. కాయిల్ స్ప్రింగులతో, కార్బన్ బేరింగుతో వచ్చిన పాత అంబాసిడర్లలో లైనింగు అరిగేకొద్దీ బిగింపు కూడా తగ్గుతూ పోతుంది కాబట్టి, ఆ బండ్లకు మరింత ముందుగానే మార్చడం మంచిది. కొత్త డీజిలు కార్లలో రెండు ముక్కలుగా ఉండి మధ్య స్ప్రింగులతో కదిలే ఫ్లైవీలు వస్తోంది. దాని ఖరీదు క్లచ్ ఖరీదును మించుతుంది గనుక, చేత్తో తిప్పి ఊగుడు చూడకుండా మార్చమనడం అన్యాయం, చూడకుండా వదలడం అంతకంటే అన్యాయం.

ఈ విద్యకు నేడు పట్టిన చీడ డూప్లికేటు సరుకు. పేరున్న కంపెనీ పెట్టెను అచ్చుగుద్దినట్టు ముద్రించి, లోపల నాసిరకం లైనింగు, వేడికి మెత్తబడే స్ప్రింగులు పెట్టి అమ్మేవారు మేస్త్రీల పరువును అంగట్లో పెడుతున్నారు. సగం అరిగిన అసలు ప్లేటును తీసి అటువంటి కొత్త ప్లేటును వేయడం కంటే పాతదాన్నే ఉంచడం వేయి రెట్లు మేలు. ఒకప్పుడు లారీ ప్లేట్లకు పాత లైనింగు తొలిచి, మంచి లైనింగు తెచ్చి, రివెట్టు రివెట్టునూ సమంగా అదిమి కొత్తదానికి దీటుగా చేసిన పనివారు ఉండేవారు. ఇప్పుడు అదే పని పేరు చెప్పి, అలసిన స్ప్రింగుల మీద అట్టముక్క వంటి లైనింగు అతికించి ఇస్తున్నారు. గ్రీజు నింపి మూసిన రిలీజ్ బేరింగును కిరసనాయిలులో కడిగి, తళతళలాడుతోందని కొత్తదిగా బిగించేవారు కూడా ఉన్నారు. కడగడంతోనే లోపలి గ్రీజు పోయి దాని ఆయువు తీరిందన్న సంగతి వారికి తెలియదా?

యజమానులు కూడా ఈ పతనంలో భాగస్థులే. దింపినందుకు, ఎక్కించినందుకు కూలి ఇస్తారు కాని, అరగంటసేపు ప్లేటును తిప్పి తిప్పి చూసి, కొలిచి, వాసన చూసి, మార్చనక్కరలేదని నిజం చెప్పిన మేస్త్రీకి రూపాయి ఎక్కువ ఇచ్చేవారు అరుదు. ఆ పరీక్షకు వేరే కూలి కట్టే ఆచారం ప్రతి షెడ్డులోనూ రావాలి. తీసిన ప్లేటును, ప్రెషర్ ప్లేటును, బేరింగును, కొత్త సరుకు వచ్చిన పెట్టెలను యజమాని కళ్ళ ముందు బల్ల మీద పరచి, రివెట్ల లోతు కొలిచి చూపించిన తరువాతే గేర్‌బాక్సు కింద జాకీ పెట్టాలి.