పెరిక్లీసు ప్రతిమ

ఏథెన్సు నగరము నౌన్నత్యమునకుఁ గొనివచ్చిన పెరిక్లీసు పాలరాతి ప్రతిమలు నేఁడు లండనులోని బ్రిటిషు మ్యూజియమునందును, రోములోని వాటికను ప్రదర్శనశాలయందును గలవు. ఇవి మూలప్రతిమలు కావు. క్రీ. పూ. 5వ శతాబ్దమున క్రెసిలాసను శిల్పి చేసిన కంచుప్రతిమకు రోమనుల కాలమునఁ జెక్కిన ప్రతులని పండితుల యభిప్రాయము.

ముఖమున ముడుత లేదు, కోపము లేదు, అలసట లేదు. పొట్టిగా దిద్దిన గడ్డము, ప్రశాంతమైన చూపు, నుదుటిపైకి నెట్టిన శిరస్త్రాణము, ఇంతియే. పెరిక్లీసు తల మిక్కిలి పొడవైనదనియు, ఆ లోపమును గప్పిపుచ్చుటకే శిల్పులు శిరస్త్రాణము పెట్టిరనియు ప్లూటార్కు వ్రాసెను. హాస్యనాటకకవు లాతల నక్కవుల్లిగడ్డవలె నున్నదని పరిహసించిరి. కాని శిరస్త్రాణము సేనాధిపత్యమునకుఁ జిహ్నము. పెరిక్లీసు వరుసగా 15 ఏండ్లు ఆ పదవికి నెన్నుకొనఁబడెను. కావున శిల్పి పదవినే సూచించెనని యాధునికులు పెక్కురు చెప్పుమాట మాకు యుక్తముగాఁ దోఁచుచున్నది.

అట్లయిన దాఁచఁబడినది యేమియు లేదా? కలదు. ఉదాత్తులను మఱింత యుదాత్తులుగాఁ జేయుట యీ కళయందలి యద్భుతమని ప్లినీ క్రెసిలాసును మెచ్చుకొనెను. ఆ మెప్పునందే మా యాక్షేపణయు నిమిడి యున్నది. 1939లో ఓస్టియాయందు దొరకిన తెమిస్టొక్లీసు ప్రతిమను జూడుఁడు. దాని మూలకాలమునుగూర్చి వాదములున్నను, ఆ బలిసిన మెడయు, వెడల్పైన ముఖమును ఒక మనుష్యునివి, మఱొకనివి కానేరవు. పెరిక్లీసు ముఖమన్ననో ఉత్తమపౌరుఁ డెవనికైనను జెల్లును.

క్రీ. పూ. 451లో, తల్లిదండ్రు లిరువురును ఏథెన్సువారైననే బిడ్డకుఁ బౌరసత్వమని శాసనము చేయించినవాఁ డీతఁడే. పిదప మిలేటసు నగరమునుండి వచ్చిన అస్పాసియాయందుఁ గలిగిన తన కొడుకే ఆ శాసనమువలన వెలివడెను. మహామారిలో ధర్మపత్నీసుతు లిరువురును మృతినొందఁగా, ఈ కొడుకును బౌరునిగా నంగీకరింపుఁడని ప్రజల నర్థించి యనుమతి పొందెను, క్రీ. పూ. 429లో దానును మరణించెను. అన్యుల బిడ్డలకు విధించిన కట్టడి తన యింటికి వచ్చినపు డెంత కఠినమో యెఱిఁగిన మనుష్యుఁ డీ రాతియందుఁ గానరాఁడు.

అయినను ఏథెన్సువారు మనకొక మార్గము చూపిరి. కొండపైఁ బెరిక్లీసు ప్రతిమ నిలిచెను. ఆ కొండవాలుననే రంగస్థలమున నాతని తలను జూపి నవ్విన నాటకము లాడెను. మహాపురుషుల చరిత్రమును బిడ్డలకుఁ జెప్పువారు ప్రతిమనొక్కదానినే చూపి యూరకుండరాదు. ఆ నవ్వును, ఆ కొడుకు కథనుగూడఁ జెప్పవలయును. అంతయు విన్నపిదపను నిలుచు గౌరవమే గౌరవము.