సగం స్పీకర్ గోడలే

హైఫై మోజున్న వాళ్లను మీ కలల స్పీకర్ ఏదని అడగండి, తడుముకోకుండా చెబుతారు. ఒకరు గది మూలలో నిలబెట్టే క్లిప్ష్‌హార్న్ అంటారు. ఇంకొకరు క్వాడ్ వారి ఎలక్ట్రోస్టాటిక్ పలకలంటారు. మరొకరికి చెప్పుల పెట్టెను మించని బీబీసీ ఎల్‌ఎస్3/5ఏ తప్ప ఇంకేదీ ఆనదు. డబ్బుకు వెనకాడని వాళ్లు ఆరడుగుల ఎత్తు, కారు ఖరీదు ఉన్న ఏదో ఒక జంట పేరు చెబుతారు. అదే మనిషిని, ఆ స్పీకర్‌ను ఏ గదిలో, ఏ గోడకు ఎన్ని అడుగుల దూరంలో పెడతారని అడిగితే మాత్రం జవాబు రావడానికి కాస్త సమయం పడుతుంది. ఇంట్లో మంచి శబ్దం కోసం జరిగే వెతుకులాటలో అసలు చిక్కు ఇక్కడే ఉందని నా వాదన. కలల స్పీకర్ అనేది విడిగా నిలిచే వస్తువు కాదు. పేరు పడ్డ ప్రతి స్పీకరూ ఏదో ఒక గది వేసిన చిక్కుప్రశ్నకు ఒక ఇంజినీరు చెప్పిన సమాధానం. ప్రశ్నను అక్కడే వదిలేసి సమాధానాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకుంటున్నాం. ఖర్చు పెరుగుతున్నకొద్దీ అసంతృప్తి కూడా పెరగడానికి కారణం అదే.

చరిత్ర ఈ మాటను బలపరుస్తుంది. అయస్కాంతం మధ్య తీగచుట్ట ఊగుతూ కాగితపు శంకువును కదిలించే స్పీకర్‌కు ఆచరణలో పనికొచ్చే రూపం ఇచ్చింది జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్. 1925లో వాళ్లు ప్రకటించిన సూత్రమే నేటికీ చేతిలోని ఫోన్ నుంచి సినిమా హాలు దాకా అత్యధిక స్పీకర్లలో పనిచేస్తోంది. నూరేళ్లలో ఎక్కువగా మారింది ఆ యంత్రాన్ని బిగించే పెట్టె, ఆ పెట్టెను ఉంచే చోటు. 1946లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం, హోప్ పట్టణంలో పాల్ క్లిప్ష్ కంపెనీ పెట్టేనాటికి ఇళ్లలో ఉండే యాంప్లిఫయర్ల సత్తా కొద్ది వాట్లే. కొద్ది వాట్లతో గట్టి శబ్దం రావాలంటే బూర కావాలి. కానీ 40 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు. దానికి సరిపడే బూర ఏ ఇంట్లోనూ పట్టదు. క్లిప్ష్ బూరను పెట్టె లోపలే మడతలు పెట్టి, దాని చివరి భాగాన్ని గదికి వదిలేశాడు. మూలలో కలుసుకునే రెండు గోడలూ, కింది నేలా ఆ బూరకు కొనసాగింపు. మూల లేనిచోట ఆ స్పీకర్ సగమే తయారైనట్టు లెక్క. 1954లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ మొదలుపెట్టిన అకూస్టిక్ రీసెర్చ్ కంపెనీ దీనికి ఎదురు దారి పట్టింది. గాలి చొరబడని పెట్టెలో చిక్కిన గాలినే స్ప్రింగులా వాడుకుని, పుస్తకాల అరలో పట్టే పెట్టె నుంచి లోతైన బేస్ రాబట్టింది. దానికి బదులుగా ఎక్కువ వాట్లు అడిగింది. నాలుగేళ్లకు స్టీరియో రికార్డులు వచ్చి ఇంటికి రెండేసి పెట్టెలు అవసరమయ్యేసరికి ఆ చిన్న పెట్టె ఎందుకు గెలిచిందో అందరికీ అర్థమైంది.

1957లో ఇంగ్లండ్‌లోని హంటింగ్‌డన్ నుంచి పీటర్ వాకర్ తెచ్చిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్‌లో శంకువు లేదు, పెట్టె కూడా లేదు. తల వెంట్రుక కన్నా పలచని ప్లాస్టిక్ పొర రెండు చిల్లుల పలకల మధ్య విద్యుత్ బలంతో కంపిస్తుంది. శబ్దం ముందుకూ వెనక్కూ సమానంగా పోతుంది, పక్కలకు చాలా తక్కువ. అందుకని పక్క గోడల అల్లరి తగ్గుతుంది. వెనక గోడకు ఆనించి పెడితే మాత్రం వెనక్కి పోయిన శబ్దం తిరిగొచ్చి ముందు శబ్దాన్ని చెరుపుతుంది. 1970లలో బీబీసీ ఇంజినీర్లు రూపొందించిన ఎల్‌ఎస్3/5ఏ పుట్టింది అసలు ఇంటి కోసం కాదు. బయటి ప్రసారాల వ్యానులో, ఇరుకు సీటులో, చేయి చాపితే అందే దూరంలో కూర్చుని మాట స్పష్టతను పరీక్షించే మనిషి కోసం. అయిదు లీటర్ల పెట్టె నుంచి లోతైన బేస్ రాదని వాళ్లకు తెలుసు. ఆ వ్యానులో దాని అవసరమూ లేదు. యమహా 1978లో ఇళ్ల కోసం అమ్మకానికి పెట్టిన ఎన్‌ఎస్-10 సంగతి ఇంకా విచిత్రం. ఇళ్లలో దాన్ని పెద్దగా ఎవరూ మెచ్చలేదు. రికార్డింగ్ స్టూడియోల్లో మిక్సింగ్ కన్సోల్ మీదికి ఎక్కాక అదే పెట్టె ప్రపంచమంతా పాకింది. స్పీకర్ మారలేదు, చోటు మారింది. ఇవన్నీ ఒకరి కొలతకు కుట్టిన చొక్కాలు. బట్ట గొప్పదే, దర్జీ పనిమంతుడే, కాకపోతే కొలత మనది కాదు.

మన కొలత ఏమిటో చూద్దాం. 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది అనుకోండి. తరంగం పొడవులో సగం గది కొలతతో సరిపోయినచోట ఆ శబ్దం గోడల మధ్య ఇరుక్కుని ఊగుతుంది. ఈ గదికి అది 40, 47, 56 హెర్ట్జ్‌ల దగ్గర మొదలవుతుంది. ఆపైన వాటి రెట్టింపులు, కలయికలు వరసగా వస్తాయి. వీటివల్ల ఒకే గదిలో ఒక కుర్చీ దగ్గర బేస్ గుమ్ముమని మోగితే, నాలుగడుగుల అవతల అదే స్వరం మాయమవుతుంది. పొడవుకు సరిగ్గా మధ్యలో కూర్చుంటే 40 హెర్ట్జ్ దాదాపు వినపడదు. వెనక గోడకు తల ఆనించి కూర్చుంటే అదే మితిమీరుతుంది. స్పీకర్‌ను వెనక గోడకు మూడడుగులు ఇవతల పెడితే, గోడను తాకి తిరిగొచ్చిన శబ్దం 94 హెర్ట్జ్ దగ్గర నేరుగా వచ్చే శబ్దాన్ని తగ్గించేస్తుంది. మృదంగం ఎడమ వైపు పలికే గంభీరమైన నాదానికి అది దగ్గరి ప్రాంతం. ఈ ఎత్తుపల్లాలు పది డెసిబెళ్లు దాటడం మామూలే. మంచి స్పీకర్‌కూ అంతకన్నా మంచి స్పీకర్‌కూ ఉండే తేడా ఒకటి రెండు డెసిబెళ్లని గుర్తుంచుకుంటే, రెండు మూడు వందల హెర్ట్జ్‌ల కింద మనం వింటున్నది కంపెనీ పనితనం కన్నా మేస్త్రీ పనితనమేనని తేలుతుంది.

పై స్వరాల దగ్గర గది ఇంకో రకంగా జోక్యం చేసుకుంటుంది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట అర్థం కావడం లేదని ఫిర్యాదులొస్తే, సంగతి చూడమని వాలెస్ సబైన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. పక్కనున్న థియేటర్ నుంచి సీటు దిండ్లు మోయించి తెచ్చి, ఒక్కో వరస పరిచినప్పుడల్లా ఆర్గన్ వాద్యం గొట్టం శబ్దం అణగడానికి ఎంతసేపు పడుతుందో అతడు కొలిచాడు. గది ఎంత పెద్దదైతే మారుమోత అంత నిలుస్తుంది, శబ్దాన్ని పీల్చే మెత్తని వస్తువులు ఎంత ఎక్కువైతే అంత తగ్గుతుంది. సబైన్ రాసిన ఈ సూత్రంతో మన గదిని లెక్కగట్టవచ్చు. విట్రిఫైడ్ టైల్స్ నేల, పుట్టీ పెట్టిన గోడలు, కాంక్రీటు స్లాబు, అద్దాల కిటికీ శబ్దంలో నూటికి అయిదు వంతులే పీల్చుకుంటాయనుకుంటే మారుమోత రెండు సెకన్ల దగ్గర తేలుతుంది. తివాచీ, మందపాటి తెరలు, సోఫా, నిండుగా ఉన్న పుస్తకాల అల్మరా చేరి ఆ వాటా నూటికి ఇరవై అయితే అర సెకనుకు దిగుతుంది. హైదరాబాద్, విజయవాడ అపార్టుమెంట్లలో కొత్త హాలు మొదటి లెక్కకే దగ్గర. అలాంటి చోట పాటలో ఒక అక్షరం ముగిసేలోపు ముందటి నాలుగు అక్షరాల తోకలు దానిమీద పడుతుంటాయి. పై స్వరాలు పలికే ట్వీటర్ ఎంత ఖరీదైనది పెట్టినా ఆ తోకలను కత్తిరించలేదు.

ఇక అభ్యంతరాలు. శబ్దం రుచికి సంబంధించింది, ఎవరి చెవి వాళ్లది, ఇందులో లెక్కలేమిటి అని మొదటిది. దీనికి సమాధానం కెనడాలో దొరికింది. ఒటావాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ 1980లలో స్పీకర్లను తెర వెనక దాచి, శ్రోతల చేత మార్కులు వేయించాడు. వినికిడి మామూలుగా ఉన్నవాళ్లు ఏది నచ్చిందన్న విషయంలో చాలావరకు ఏకీభవించారు. గెలిచినవి, ఎదురుగా కొలిస్తే అన్ని స్వరాలనూ సమంగా పలికేవి, పక్కలకు కొలిచినా అదే తీరు సాఫీగా కొనసాగించేవి. ఇందులో నా వాదనకు కావలసిన కీలకం ఉంది. పక్కలకు పోయిన శబ్దం గోడను తాకితేనే కదా మన చెవికి చేరేది. అంటే ప్రయోగశాలలో నెగ్గిన మంచి స్పీకర్ నిర్వచనంలోనే గది కూర్చుని ఉంది. తర్వాత స్పీకర్లు తయారుచేసే హార్మన్ కంపెనీలో టూల్, షాన్ ఆలివ్ కలిసి 1994లో వెల్లడించిన ప్రయోగంలో, అవే స్పీకర్లను కనపడేట్టు పెట్టి ఒకసారి, దాచి ఒకసారి వినిపించారు. కళ్లెదుట ఉన్నప్పుడు పరిమాణం, ధర, పేరు మార్కులను లాగేశాయి. అంతకన్నా విలువైన సంగతి ఇంకొకటి. దాచి వినిపించినప్పుడు స్పీకర్ చోటు మారితే వచ్చిన తేడాను శ్రోతలు పట్టుకున్నారు. కనపడుతున్నప్పుడు ఆ తేడా వాళ్ల మార్కుల్లో బాగా పలచబడింది. పేరున్న పెట్టె ఎదురుగా ఉంటే గది మాట చెవికెక్కదన్నమాట. కలల స్పీకర్ల జాబితాలు ఎలా పుడతాయో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ప్రయోగం నాకు కనిపించలేదు.

రెండో అభ్యంతరం కాలానికి తగ్గది. మైకుతో గదిని కొలిచి, లోపాలను సాఫ్ట్‌వేర్ సరిచేసే యాంప్లిఫయర్లు వచ్చాక గది గురించి ఇంత రభస దేనికంటారు. ఆ సాయం నిజమైనదే, కాదనను. బేస్ ఎక్కడ మితిమీరుతుందో అక్కడ అది చక్కగా అణచగలదు. కానీ స్వరం మాయమయ్యేచోట శక్తి పెంచితే, చెరిపే శబ్దమూ అంతే పెరుగుతుంది. లోటు అలాగే ఉంటుంది, యాంప్లిఫయర్ మాత్రం అలసిపోతుంది. పది డెసిబెళ్లు పెంచాలంటే పది రెట్ల వాట్లు కావాలి మరి. పైగా ఒక కుర్చీకి సరిచేసింది పక్క కుర్చీకి పాడుకావచ్చు. రెండు సెకన్ల మారుమోతను ఏ సాఫ్ట్‌వేరూ అర సెకను చేయలేదు. హార్మన్‌లోనే టాడ్ వెల్టీ బేస్ కోసమే పెట్టే సబ్‌వూఫర్లు ఎన్ని సరిపోతాయని పరిశోధించి, గోడల మధ్యభాగాల్లో ఒక్కొక్కటి చొప్పున నాలుగు పెడితే గదంతా బేస్ బాగా సమమవుతుందని చూపాడు. అది కూడా చోటు తెలివే. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే గది గొడవే ఉండదన్న మాటా నిజమే. అయితే పాట ఎదురుగా నిలబడదు, తల లోపల మోగుతుంది. పక్కన కూర్చున్నవాళ్లతో పంచుకోవడమూ కుదరదు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. హాలు శ్రోత ఒక్కడి సొత్తు కాదు. అది అద్దె ఇల్లు కావచ్చు, పిల్లల చదువు అక్కడే, టీవీ అక్కడే, పైన ఫ్యాను తిరగక తప్పదు. గోడలకు ఫోమ్ పలకలు బిగిస్తామంటే ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారు? ఒప్పుకోనక్కర్లేదు. గదిని పట్టించుకోవడమంటే గదిని స్టూడియో చేయడం కాదు. కుర్చీని వెనక గోడ నుంచి రెండు మూడడుగులు ముందుకు జరపడానికి ఖర్చు లేదు. రెండు స్పీకర్లూ పక్క గోడలకు సమాన దూరంలో ఉండేట్టు చూడటానికీ లేదు. కిటికీ తెర, కింద దళసరి తివాచీ ఇంటివాళ్లు ఎలాగూ వద్దనరు. అవీ కుదరకపోతే బీబీసీ వ్యాను నేర్పిన పాఠం ఉండనే ఉంది. చిన్న స్పీకర్లను మూడు నాలుగడుగుల దగ్గరగా పెట్టుకుంటే నేరుగా వచ్చే శబ్దం ముందుంటుంది, గోడల శబ్దం వెనకబడుతుంది. సరిచూసుకోవడానికి పరికరం కూడా అక్కర్లేదు. 1950లలో ఘంటసాల, సుశీల పాడినవి మోనో రికార్డింగులు. అలాంటి పాటను ఒక్క స్పీకర్‌లో వినాలి. స్టీరియో హంగు లేనప్పుడు శ్రోతలు లోపాలను ఇంకా నిశితంగా పడతారని టూల్ ప్రయోగాలే చెప్పాయి. స్పీకర్‌ను అటూ ఇటూ అడుగు జరిపి, గొంతు ఎక్కడ తేటపడిందో అక్కడ ఆపాలి.

అందమైన యంత్రం ఇంట్లో ఉండటమే ఒక సంతోషం, దాన్నెందుకు లెక్కలతో చంపుతారని అడిగేవాళ్లతో నాకు తగువు లేదు. చక్కని పనస వీణను వాయించడం రాకపోయినా గోడకు తగిలించుకునేవాళ్లున్నారు. అది చూపుకు దక్కే సంతోషమని ఒప్పుకుంటే చాలు, శబ్దం ఖాతాలో రాయకూడదు. శబ్దమే కావాలనుకునేవాళ్లకు ఖర్చు వరస మారాలి. ముందు కూర్చునే చోటు, తర్వాత స్పీకర్ నిలిచే చోటు, ఆపైన తివాచీ తెరలు, వీటన్నిటి తర్వాతే స్పీకర్ జంట. కొనబోయే ముందు వారం పాటు ఇంట్లో విననిస్తారా అని షాపువాళ్లను అడగాలి. కుదరదంటే వాళ్ల డెమోకు ఎక్కువ విలువ ఇవ్వకూడదు. షాపులో నచ్చిన శబ్దంలో ఆ గది వాటా ఎంతో బిల్లులో రాయరు. డబ్బు మొత్తానికీ కట్టి, మనం ఇంటికి తెచ్చుకునేది మిగతా వాటానే.